బెజవాడకు కొత్తగా వస్తున్నారా? మొదటి వారం ఇలా తిరగండి

నేను కందుకూరు వైపు పల్లె నుంచి ఈ ఊరొచ్చి 16 ఏళ్లయింది. అప్పటి నుంచి ప్రతి జూన్‌లోనూ మా వైపు నుంచి ఎవరో ఒకరు చదువుకనో ఉద్యోగానికనో వస్తూనే ఉన్నారు. మా ఇంట్లో నాలుగు రోజులుండి, గది చూసుకుని వెళ్తారు. పోయినేడాది మా అక్క కూతురు వచ్చింది. వారం రోజులు పిల్లను వెంటబెట్టుకుని తిప్పాను. ఏ రోజు ఏం చూపిస్తే తనకు ఊరు పట్టుబడిందో దగ్గరుండి చూశాను. ఆ వరసలోనే మీకూ చెబుతాను.

ముందుగా ఒక్క మాట. ఫోన్‌లో మ్యాప్ ఉందిగా అని దాని మీదే భారం వేస్తే ఏడాదైనా ఊరు పట్టుబడదు. వెళ్లాల్సిన చోటికి అది తీసుకెళ్తుంది, నిజమే. ఏ పేట పక్కన ఏ పేట ఉందో, మనం కృష్ణ వైపు ఉన్నామో కొండ వైపు ఉన్నామో మాత్రం మనసులో పడదు. బెజవాడకు కొండలున్నాయి, నది ఉంది, కాలువలున్నాయి. వాటిని గుర్తు పెట్టుకుంటే ఈ ఊళ్లో దారి తప్పడం కష్టం.

రైలో బస్సో దిగే ముందే తెలుసుకోవాల్సింది

రైల్లో వస్తుంటే, స్టేషన్‌లో ఏ వైపు బయటికి రావాలో ముందే అడిగి పెట్టుకోండి. స్టేషన్‌కు తూర్పున గాంధీనగర్, గవర్నర్‌పేట, సత్యనారాయణపురం. పడమర తారాపేట, వన్ టౌన్. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చినట్టు ఉంటాయి. ఒక వైపు దిగాల్సింది రెండో వైపు దిగితే, బయటికొచ్చాక వంతెనో అండర్ బ్రిడ్జో వెతుక్కుని చుట్టూ తిరిగి రావాలి.

నేను వచ్చిన మొదటి రాత్రి అదే జరిగింది. వెళ్లాల్సింది సత్యనారాయణపురం. జనం వెంట నడిచి తారాపేట వైపు బయటపడ్డాను. రాత్రి పదకొండు, చేతిలో రెండు సంచులు, ఒక పరుపు చుట్ట. ఎక్కిన ఆటో అతను అడిగినంతా ఇచ్చాను. మర్నాడు తెలిసింది, గాంధీనగర్ వైపు దిగి ఉంటే అందులో సగం కూడా అయ్యేది కాదని. అందుకే ఇప్పుడు ఎవరు వస్తున్నా నేను మొదట చెప్పేది ఇదే: రైలు దిగగానే జనం వెంట పోకండి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి ఆగి, బోర్డు చదివి, అప్పుడు దిగండి.

బస్సులో వచ్చేవాళ్లకు ఇంకో సంగతి. ఆర్టీసీ బస్సులు పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు వస్తాయి. మనవాళ్లంతా బస్టాండ్ అనే అంటారు. ప్రైవేటు బస్సులు చాలావరకు బస్టాండ్‌లోకి రావు. విశాఖ వైపు నుంచి వచ్చేవి రామవరప్పాడు రింగ్ దగ్గరో బెంజ్ సర్కిల్ దగ్గరో, గుంటూరు వైపు నుంచి వచ్చేవి కృష్ణ మీది వంతెన, అంటే వారధి దగ్గరో దింపేస్తాయి. తెల్లవారుజామున నిద్రలో లేపి "దిగండి దిగండి" అంటే కంగారు పడతారు. టికెట్ తీసుకునేటప్పుడే ఎక్కడ దింపుతారో అడిగి, ఆ చోటు మీరు వెళ్లాల్సిన ఇంటికి ఏ దిక్కో చూసుకోండి.

మొదటి రోజు: రెండు వేళ్లతో ఊరి పటం

మొదటి రోజు ఎక్కడికీ పోవద్దు. స్నానం చేసి, తిని, నిద్రపోయి, సాయంత్రం కూర్చుని ఈ పటం మనసులో వేసుకోండి.

ఎడమ చెయ్యి మీ ముఖం ముందు అడ్డంగా పెట్టి, చూపుడు వేలు, మధ్య వేలు విడదీయండి. వేళ్ల మొదలు దగ్గర రైల్వే స్టేషన్, బస్టాండ్, పాత ఊరు. పై వేలు ఏలూరు రోడ్డు. కింది వేలు బందరు రోడ్డు. రెండూ పాత ఊరి దగ్గర మొదలై తూర్పుకు పోతూ పోతూ ఎడంగా జరుగుతాయి. ఏలూరు రోడ్డు చుట్టుగుంట, మాచవరం, గుణదల మీదుగా రామవరప్పాడు రింగ్‌కు చేరుతుంది. బందరు రోడ్డు రాఘవయ్య పార్కు, లబ్బీపేట మీదుగా బెంజ్ సర్కిల్‌కు, అది దాటి పటమట, ఆటోనగర్, కానూరు, పెనమలూరు వైపు పోతుంది. బెంజ్ సర్కిల్‌ను, రింగ్‌ను కలుపుతూ జాతీయ రహదారి. అంతే, ఒక త్రికోణం. సూర్యారావుపేట, మొగల్రాజపురం లాంటి పేటలు ఈ త్రికోణం కడుపులోనే ఉన్నాయి.

బందరు రోడ్డుకు కింద, అంటే దక్షిణాన, బందరు కాలువ. దాని అవతల కృష్ణలంక. దాని అవతల కృష్ణ. ఏలూరు రోడ్డుకు పైన సింగ్‌నగర్, పాయకాపురం. పడమర చివర ఇంద్రకీలాద్రి, దాని అవతల విద్యాధరపురం, భవానీపురం, గొల్లపూడి. దీన్ని ఒక కాగితం మీద మీ చేత్తో మీరే గీయండి. వంకర పోయినా పర్వాలేదు. మా అక్క కూతురు గీసిన కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించే ఉంది. నది దారి తప్పి ఎటో పోయింది గానీ పేటలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పేర్ల దగ్గర కొత్తవాళ్లు తడబడతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. కాగితాల మీద ఏలూరు రోడ్డును కార్ల్ మార్క్స్ రోడ్డు అని, బందరు రోడ్డును మహాత్మా గాంధీ రోడ్డు, లేకపోతే ఎం.జి. రోడ్డు అని రాస్తారు. ఇంటర్వ్యూకు పిలుస్తూ పంపిన చిరునామాలో కార్ల్ మార్క్స్ రోడ్డు అని ఉంటే, ఆటో అతన్ని ఏలూరు రోడ్డు అనే అడగండి. ఈ ఊళ్లో కూడలిని సెంటర్ అంటారు: లెనిన్ సెంటర్, అలంకార్ సెంటర్, పంజా సెంటర్. సినిమా హాళ్ల పేర్లే చాలా చోట్ల గుర్తులు. డోర్ నంబరు చెబితే ఎవరూ ఇల్లు చూపించలేరు. "ఫలానా సెంటర్ నుంచి ఎటు?" అని అడిగితే పండ్ల బండి ఆయన కూడా పని ఆపి చెబుతాడు.

రెండో రోజు: రెండు బస్సులు, రెండు చివరలు

నిన్న గీసిన పటం ఇవాళ కళ్లతో చూడాలి. బస్టాండ్ దగ్గర సిటీ బస్సులు ఎక్కే చోటుకు వెళ్లి, బందరు రోడ్డు మీదుగా పెనమలూరు వైపు పోయే బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చోండి. ఉదయం తొమ్మిది లోపో, పదకొండు తర్వాతో అయితే సీటు దొరుకుతుంది. చివరి దాకా పోయి, టీ తాగి, వెనక్కి రండి. మధ్యాహ్నం ఏలూరు రోడ్డు మీద రింగ్ దాకా అలాగే. ఫోన్ జేబులో పెట్టేసి షాపుల బోర్డుల మీద పేట పేరు చదువుకుంటూ కూర్చోండి. సగం రోజులో, కొద్దిపాటి ఛార్జీతో ఊరి వెన్నెముక రెండు వైపులా చూసేస్తారు.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. మన రాష్ట్రం చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఉచితమైనా జీరో టికెట్ అడిగి తీసుకోండి, దిగే దాకా దాచుకోండి.

బస్సు రాని చోటికి షేర్ ఆటో. ఖాళీ ఆటో ఎక్కి కూర్చుంటే అది మీ ఒక్కరికే మాట్లాడుకున్నట్టు అవుతుందేమో, ఎక్కే ముందే అడగండి: "షేరేనా అన్నా? మాచవరం ఎంత?" ఈ రెండు ముక్కలూ అడిగి ఎక్కితే దిగేటప్పుడు మాటామాటా పెరగదు. చిల్లర దగ్గర పెట్టుకోండి. రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, యాప్‌లో బుక్ చేసుకుని బండి నంబరు ఇంటికి పంపడం మేలు. ఏ ఇబ్బంది వచ్చినా 112.

మూడో రోజు నుంచి: గది వెతకడం

దీనికి ఎక్కువ సమయం పెట్టండి. వారంలో మీరు చేసే పనుల్లో ఇదే పెద్దది.

ముందు, ఫోటోలు చూసి డబ్బు పంపకండి. మా బంధువుల అబ్బాయి ఒకడు ఊళ్లోనే ఉండి ఫోటోలు చూసి అడ్వాన్స్ ఫోన్‌లో కొట్టేశాడు. వచ్చి చూస్తే గది వేరు, అడిగితే ఫోన్ ఎత్తరు. ఆ డబ్బు తిరిగి రాలేదు. గది చూడాలి, ఇంటివాళ్లతో మాట్లాడాలి, కుళాయి తిప్పాలి, ఆ తర్వాతే డబ్బు. రెండుసార్లు చూడండి: ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఎనిమిదికి. రాత్రి చూస్తే వీధి దీపాలు, కుక్కలు, చుట్టుపక్కల చప్పుడు అన్నీ తెలుస్తాయి.

రెండోది, నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ ఊరికి వచ్చిన వరద కొత్తవాళ్లకు పేపర్లో చదివిన వార్త. మాకు అలా కాదు. అప్పుడు రెండు వైపుల నుంచీ వచ్చింది. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. అయినా కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ చాలావరకు కాచింది. ఊరిని ముంచింది బుడమేరు వాగు. పెద్ద వాన, దానికి తోడు కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు నది వైపు నుంచే వస్తాయనుకుంటే ఈ ఊళ్లో పొరపాటే, ఉత్తరం నుంచి కూడా వస్తాయి.

మా పిల్లతో సింగ్‌నగర్‌లో ఒక ఇల్లు చూడటానికి వెళ్లాం. గోడలకు కొత్త రంగు. గచ్చు తుడిచి, గుమ్మం ముందు ముగ్గేసి ఉంది. పిల్లకు చూడగానే నచ్చేసింది. నేను గోడలో అల్మారా తలుపు తీసి కింది అర చూశాను. చెక్క ఉబ్బి, అంచు విచ్చుకుని, అట్టలు అట్టలుగా లేచి ఉంది. గోరుతో గీస్తే పొడి రాలింది. పై అర మాత్రం చెక్కుచెదరలేదు. తర్వాత చూస్తే స్విచ్ బోర్డులన్నీ నా తల ఎత్తులో ఉన్నాయి. అంత ఎత్తున ఎవరూ పెట్టరు. ఇంటావిడ నా చూపు గమనించింది. "అబద్ధం చెప్పనమ్మా, ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాయి" అని తన గుండె మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "వారానికి పైగా మేడ మీదే ఉన్నాం. బోర్డులు అందుకే పైకి పెట్టించాం. పై పోర్షన్ కూడా ఖాళీగానే ఉంది, కావాలంటే అది చూడండి."

పైదే తీసుకున్నాం. నిజం చెప్పే ఇంటివాళ్లు దొరకడం అద్దె తగ్గడం కన్నా పెద్ద సంగతి. కాబట్టి ఫలానా పేట వద్దని నేను అనను. ఆ పేటల్లో లక్షల మంది బతుకుతున్నారు, అద్దెలు కూడా అందుబాటులో ఉంటాయి. ఏ ఇంటికి వెళ్లినా మాత్రం "2024లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?" అని సూటిగా అడగండి. అడగటానికి మొహమాటపడకండి. ఇంటివాళ్లు నీళ్లు నమిలితే పక్కింటివాళ్లను అడగండి.

కొండ మీది ఇళ్ల దగ్గరా జాగ్రత్త కావాలి. ఆ వానల్లోనే, 2024 ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. కొండ వాలులో గది చూస్తే, ఇంటి వెనక పైకి తలెత్తి చూడండి. విడిగా నిలబడ్డ బండలుంటే ఆ గది వదిలేయండి.

ఇక ఎండ. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. డాబా కింది పై గది పగలంతా కాగి, రాత్రి రెండింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అందుకే నా లెక్క ఇది: కింద అంతస్తుకు వరద భయం, పై అంతస్తుకు ఎండ భయం, మూడంతస్తుల ఇంట్లో మధ్య అంతస్తు దొరికితే మంచిది. పైదే దిక్కయితే డాబాకు తెల్లటి కూల్ పెయింట్ వేయిస్తారేమో అడగండి.

ఎక్కడ చూడాలంటే, ముందు మీరు రోజూ వెళ్లే చోటు ఏ వేలు మీద ఉందో చూసుకోండి. కానూరు, పోరంకి వైపు కాలేజీ అయితే బందరు రోడ్డు పక్కనే ఉండండి. పని గన్నవరం వైపయితే రింగ్ దగ్గర. రోజూ త్రికోణం అడ్డంగా దాటే పని పెట్టుకోకండి, ట్రాఫిక్‌లోనే ఒంట్లో ఓపికంతా పోతుంది.

తిండి సంగతి

పొద్దున్నే టిఫిన్‌కు గాంధీనగర్ వెళ్లండి. అక్కడి బాబాయ్ హోటల్‌లో ఇడ్లీ మీద వెన్నపూస వేసి ఇస్తారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కసారైనా తినాలి. సాయంత్రం నాలుగయ్యాక ఏ సెంటర్‌లో చూసినా పునుగుల బండి ఉంటుంది. వేడి వేడి పునుగులు, అల్లం పచ్చడి. బాణలి దగ్గర జనం ఉన్న బండే ఎంచుకోండి, నూనెలోంచి తీసినవి అప్పుడే అమ్ముడైపోతుంటాయి.

రోజూ హోటల్ తిండి ఒంటికీ పడదు, జేబుకూ పడదు. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లంతా బతికేది కర్రీ పాయింట్ల మీద. గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని అన్నం వండుకుంటారు. కూరలు మాత్రం వీధి చివర కర్రీ పాయింట్‌లో కొంటారు. మా వీధిలో పదకొండున్నరకు షట్టర్ ఎత్తుతారు. వరసగా స్టీలు గిన్నెలు: పాలకూర పప్పు, దొండకాయ వేపుడు, వంకాయ కూర, సాంబారు, రసం, గోంగూర పచ్చడి. ఆవిడ గరిటెతో తీసి చిన్న కవర్లో పోసి, గాలి ఉంచి, దారం నాలుగు చుట్లు చుట్టి ముడేస్తుంది. ఆ ముడి ఊడదు. ఇంటికొచ్చి కత్తెరతో కోసుకోవాల్సిందే. ఒంటిగంట దాటి వెళ్తే వేపుళ్లు ఉండవు, పప్పు అడుగుది దొరుకుతుంది. మొదటి వారం రెండు మూడు చోట్ల తిని చూసి, కడుపుకు పడిన చోటు పట్టుకోండి. నాలుగు రోజులు వరసగా వెళ్తే "ఇవాళ పులుసు బాగా కుదిరింది, తీసుకో నాన్నా" అని ఆవిడే చెబుతుంది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లకు ఆ మాటే ఒక కూర పెట్టు.

హోటల్లో భోజనం పార్సిల్ తీసుకుంటే సాధారణంగా ఇద్దరికి సరిపోయేంత అన్నం కడతారు. ఇద్దరు కలిసి ఒకటి తెచ్చుకోండి.

సామాన్లు కొనడం

బకెట్, చాప, గిన్నెలు, దుప్పటి కోసం పెద్ద మాల్స్‌కు వెళ్లకండి. వన్ టౌన్ వెళ్లండి. ఇరుకు సందులు, తోపుడు బళ్లు, హమాలీల కేకలు, మొదట కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. ఒక గంట నడిస్తే అలవాటైపోతుంది. బట్టల హోల్‌సేల్‌కు వస్త్రలత ఉంది. కూరగాయలు, పండ్లు, వెచ్చాలకు కాళేశ్వరరావు మార్కెట్. స్వాతంత్ర్య సమరయోధుడు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు మీద ఉన్న మార్కెట్ అది. మీ పేట దగ్గర రైతు బజార్ ఉంటే రోజువారీ కూరగాయలకు అదే నయం. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరమాడే పని ఉండదు.

చిన్నా చితకా వస్తువులు, చెప్పులు, చున్నీలు కావాలంటే సాయంత్రం బీసెంట్ రోడ్డు. అక్కడ మాత్రం బేరమాడాలి. ఫోన్, పర్సు ముందు జేబులో పెట్టుకోండి. చదివే అలవాటుంటే ఏలూరు రోడ్డు మీది పుస్తకాల షాపులు, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు వదలొద్దు. జనవరిలో వస్తే పుస్తకాల పండగ కూడా చూడొచ్చు.

ఐదో రోజు: అమ్మవారు, జెండా, బ్యారేజీ

గది పని అయ్యాక ఒక రోజు ఊరు చూడటానికే పెట్టుకోండి. మామూలు రోజున, శుక్ర, ఆదివారాలు కాకుండా, తెల్లవారుజామునే కనకదుర్గమ్మ గుడికి వెళ్లండి. దసరా పది రోజులు, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, ఆ తర్వాత భవానీలు దీక్ష విరమించే రోజుల్లో, లక్షల మంది వస్తారు. కొండ చుట్టుపక్కల దారులు మూసేస్తారు. ఆ రోజుల్లో సామాన్లతో ఇల్లు మారే పని పెట్టుకోకండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. అప్పుడు ఏలూరు రోడ్డు అలాగే నిండిపోతుంది.

గుడి నుంచి వచ్చి బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం చూడండి. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ఈ ఊళ్లోనే జరిగాయి. పింగళి వెంకయ్య గారు తాను రూపొందించిన జెండాను గాంధీజీకి అందించింది అప్పుడే. ఆ రోడ్డు మీదే స్వరాజ్ మైదాన్‌లో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం ఉంది. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. దారి గుర్తుకు ఇప్పుడు అంతకు మించింది లేదు.

ఎండ తగ్గాక, ఐదున్నరకు, ప్రకాశం బ్యారేజీ మీదికి నడవండి. బండి మీద కాదు, నడిచి. 1850ల్లో కాటన్ దొర కాలంలో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957 నాటికి పూర్తయిన బ్యారేజీ ఇది. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. పొడవు దాదాపు 1.2 కిలోమీటర్లు, నెమ్మదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. ఎగువ వైపు చూస్తే నిండుగా నిలిచిన నీళ్లు, కుడి చేతి వైపు వెనక ఇంద్రకీలాద్రి, దూరంగా భవానీ ద్వీపం. దిగువ వైపు చూస్తే, గేట్లు మూసి ఉన్న రోజుల్లో, ఇసుక తిన్నెలు, మధ్యమధ్యలో పాయలు. ఇటు నిండు నది, అటు ఎండు నది. ఆ తేడా ఎందుకో మా పిల్ల అడిగింది. ఇటు నిలిచిన నీళ్లే కాలువలెక్కి కృష్ణా డెల్టా పొలాలకు పోతాయని చెప్పాను. మొదటి రోజు పటంలో గీసిన బందరు కాలువ, ఊళ్లోని ఏలూరు కాలువ, రైవస్ కాలువ అన్నీ ఇక్కడి నీళ్లేనని చెబితే కాసేపు మాట్లాడకుండా నిలబడిపోయింది. "మా కాలేజీ దారిలో కాలువ కూడా ఇదేనా పిన్నీ?" అంది. అదే. ఆ సాయంత్రం తర్వాత తను దారి అడగాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

బ్యారేజీ దాటితే సీతానగరం, అక్కడి నుంచి ఉండవల్లి గుహలు దగ్గరే. కొండను అంతస్తులుగా తొలిచారు. లోపల ఒకే రాతిలో పవళించిన అనంతపద్మనాభస్వామి. దానికి వేరే రోజు, పొద్దున పూట పెట్టుకోండి. మధ్యాహ్నం వెళ్తే రాయి కాలిపోతుంటుంది.

ఎండాకాలంలో వచ్చేవాళ్లకు

పైన చెప్పిన తిరుగుళ్లన్నీ పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత చేయండి. మధ్యలో గదిలోనే ఉండండి. గొడుగు, నీళ్ల సీసా లేకుండా గుమ్మం దాటొద్దు. మజ్జిగ, తాటి ముంజలు, నిమ్మకాయ సోడా దండిగా దొరుకుతాయి. తల తిరిగినట్టో, చెమట ఆగిపోయి ఒళ్లు కాలినట్టో అనిపిస్తే నీడకు చేరి, ఒంటికి తడిగుడ్డ వేసి, పక్కవాళ్లను పిలవండి. మనిషి సొమ్మసిల్లితే 108కి ఫోన్ చేయండి. వడదెబ్బను మొహమాటంతో దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

వారం చివర

అద్దె కాగితం రాయించుకోండి, ఇచ్చిన అడ్వాన్స్ అందులో ఉండేలా చూడండి. వార్డు సచివాలయం ఎక్కడో కనుక్కుని పెట్టుకోండి, సర్టిఫికెట్లతో పని పడితే అక్కడికే వెళ్లాలి. దగ్గరలో రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు, ఆసుపత్రి చూసి ఉంచుకోండి. పక్క పోర్షన్ వాళ్ల నంబరు ఇంటికి ఇవ్వండి.

అమ్మానాన్నలు గది చూస్తామని తొందరపడతారు. ఆ వారం రమ్మనకండి, రెండో వారం రమ్మనండి, అప్పటికి మీరే తిప్పి చూపించగలుగుతారు. వాళ్లు రైల్లో వస్తుంటే ముందు రోజే ఫోన్ చేసి, బ్రిడ్జి ఎక్కాక ఏ వైపు దిగాలో చెప్పండి: "గాంధీనగర్ వైపు దిగు నాన్నా, తారాపేట వైపు కాదు. మెట్ల దగ్గరే నిలబడి ఉంటా."